నేను చెరిపేసిన సున్నా

శుభ్రం చేయడం నాకొక జబ్బు. ఎవరింటికైనా పోతే వాళ్ల గూట్లో గ్లాసులు వరసగా లేవని చెయ్యి పెట్టి సర్దేస్తాను. నేను వచ్చిపోయాక తన ఇంట్లో గంటె యాడుందో వారం దాకా దొరకదని మా చిన్నమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. ఆఫీసు పనిలోనూ నాది అదే వరస. వేరేవాళ్లు రాసిన కోడు తెరిచానంటే ముందు ఊడుస్తాను, తర్వాతే పని.

నేను చేసేది కెర్నెల్ పని. పెళ్లిళ్లలో, బస్సుల్లో అడిగినవాళ్లందరికీ దీన్ని చెప్పి చెప్పి విసిగిపోయాను కాబట్టి ఇక్కడ ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను. చిప్పు ఉన్న ఏ యంత్రంలోనైనా కరెంటు రాగానే అన్నిటికంటే ముందు లేచి, మిగిలిన ప్రోగ్రాములను లేపి పనిలో పెట్టేది కెర్నెల్. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ బోరు మోటర్లకు బిగించే కంట్రోల్ పెట్టెలు తయారు చేస్తుంది. ఆ పెట్టె లోపలి కెర్నెల్ బాధ్యత నాది. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని చేసుకోమంటే అనంతపురం పక్కనున్న రాప్తాడుకు వచ్చేశాను. మళ్లీ రమ్మని వాళ్లు గట్టిగా అడగలేదు, నేనూ పోలేదు. హైవే పక్కన ఎరువుల అంగడి మేడ మీద రెండు గదులు తీసుకున్నాను. ఒక దాంట్లో నేనుంటాను, ఇంకోదాంట్లో నా పెట్టెలు, వైర్లు ఉంటాయి.

అక్కడికి రెండు మైళ్లలో మా చిన్నాయన తోట. మా నాయనకు తమ్ముడు ఆయన. నాలుగెకరాల చీనీ తోట, అంటే బత్తాయి, తొమ్మిదేళ్ల చెట్లు, కాపు మీద ఉన్నాయి. ఆయనా చిన్నమ్మా బిడ్డల్లేని మనుషులు. చెట్లను ఏడాది ఏడాదికీ ఎత్తు కొలిచి చూసుకునేవాళ్లు. ఉన్నది ఒక్కటే బోరు. అది కూడా ఎండాకాలం వస్తే గంట పోసి రెండు గంటలు ఆగేది.

మా వైపు కరెంటు కోసం కాచుకుని కూర్చునే రైతు లేడు. ప్రతి మోటరుకూ ఆటో అనే స్టార్టరు పెడతారు. త్రీఫేజు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతటదే లేస్తుంది. పోతే ఆగుతుంది, వస్తే మళ్లీ లేస్తుంది. మనిషి ఇంట్లో ఉన్నా, సంతలో ఉన్నా ఒకటే. చిక్కు ఎక్కడంటే, బోరులో నీళ్లు అయిపోయినా మామూలు ఆటోకు ఆ సంగతి తెలియదు. మోటరు ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోతుంది. మా పెట్టె గొప్పంతా అక్కడే. నీళ్లు రావడం లేదని కనిపెట్టి రెండు నిమిషాల్లో మోటరును ఆపుతుంది, ఎర్రలైటు వెలిగిస్తుంది, ఎండిందని ఒక గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చినా ఆ గుర్తు పోదు. మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటరు లేవదు.

ఆ పెట్టె చిన్నాయనకు నేనే పెట్టించాను. పెట్టిన రోజు గుమ్మం ముందు నిలబడి, సినిమాలో డాక్టరు చెప్పినంత గట్టిగా చెప్పాను. "చిన్నాయనా, ఎర్రలైటు వెలిగినాక ఎవరైనా నొక్కితే తప్ప ఈ మోటరు లేయదు. నీకు గ్యారంటీ నేను." ఆయన ఆ మాట కంఠస్థం చేసుకున్నాడు. టీ అంగడిలో పదిమందికి అదే మాట చెప్పేవాడు, మా పాప చేసిన పెట్టె అని.

ఇక నా ఊడ్పు సంగతి.

ప్రోగ్రాములో విలువలు దాచుకునే గడులను వేరియబుల్స్ అంటారు. మనం రాసినదాన్ని చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్, ఈ గడులను రెండు చోట్ల సర్దుతుంది. ఐదో, యాభయ్యో, ఏదైనా విలువతో మొదలయ్యేవి డేటా అనే చోటికి పోతాయి. వాటి విలువలు ఫైలులోనే రాసి ఉంటాయి. సున్నాతో మొదలయ్యేవి బీఎస్ఎస్ అనే చోటికి పోతాయి. అన్ని సున్నాలు ఫైలులో మోయడం దండగ కాబట్టి, ఇంత జాగా ఖాళీగా కావాలి అని కొలత మాత్రం రాసి పెడతారు. కెర్నెల్ లేచేటప్పుడు ఆ జాగాను ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచి సున్నా చేస్తుంది. అందుకే కెర్నెల్ రాసేవాళ్లలో ఒక ఆచారముంది. సున్నాతో మొదలయ్యే వేరియబుల్ పక్కన సున్నా అని రాయకూడదు. ఎలాగూ తుడిచేదే కదా, మళ్లీ రాయడమెందుకు. రాస్తే తప్పులు పట్టే స్క్రిప్టు గొణుగుతుంది, పెద్దవాళ్లు ఎగతాళి చేస్తారు. కొత్తలో నన్నూ చేశారు. ఆ రోజు నుంచి ఎక్కడ సున్నా కనబడినా నాకు చెయ్యి దురద పెడుతుంది.

ఇప్పటి కంపైలర్లకు నువ్వు సున్నా రాసినా రాయకపోయినా ఒకటే, రెండూ బీఎస్ఎస్‌కే పోతాయి. మా కంపెనీ వాడేది అలాంటిది కాదు. చిప్పు అమ్మినవాళ్లు ఎప్పుడో ఇచ్చిన పాతకాలపు కంపైలర్. అది మాట పట్టింపు మనిషి. నువ్వు చేత్తో సున్నా రాశావంటే, రాశావు కాబట్టి అదీ ఒక విలువేనని డేటాలో పెడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే తుడిచాను. ఆ సున్నాలన్నీ ఫైలులో ఊరికే జాగా తింటున్నాయి కదా అన్నది నా కోపం. ఒక శనివారం పొద్దున్నే కూర్చుని, మధ్యాహ్నం అన్నానికి లేచేలోగా పాత కోడులో కనబడిన ప్రతి సున్నానూ చెరిపేశాను. ఫైలు సన్నబడింది. సోమవారం మేనేజరు అందరి ముందు మెచ్చుకున్నాడు. నేను సంతోషంగా బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకుని తిన్నాను.

తర్వాత పరీక్ష కూడా చేశాను. బల్ల మీది పెట్టెకు నీళ్లు లేవని అబద్ధం చెప్పాను. రెండు నిమిషాలకు ఆగింది, ఎర్రలైటు వెలిగింది. భేష్ అనుకున్నాను. ఎర్రలైటు వెలిగి ఉండగా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూద్దామని నాకు తోచలేదు. నా గదిలో ఇన్వర్టరు ఉంది, కరెంటు పోయిన సంగతే నాకు తెలియదు. అనంతపురం జిల్లాలో కూర్చుని కరెంటు పోతుందన్న ఆలోచన రాని మనిషి నేనొక్కదాన్నే ఉంటాను.

కొత్త ప్రోగ్రాము అందరికంటే ముందు మా చిన్నాయన పెట్టెలో వేశాను. మంచిదేదైనా ముందు మనవాళ్లకే అని. నేను తోటలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే చిన్నమ్మ పక్కన నిలబడి ఎండ పడకుండా కొంగు పట్టింది.

ఆ ఎండాకాలంలో విడపనకల్లులో మా దూరపు చుట్టం ఒకాయన చనిపోతే చిన్నాయన కార్యానికి పోయాడు. పోయేముందు తోటలో చూసుకున్నాడు, ఎర్రలైటు వెలుగుతోంది. చిన్నమ్మకు గట్టిగా చెప్పాడు, బోరు ఊరాల, రెండు రోజులు దాన్ని ముట్టొద్దు అని. అట్లా చెప్పడానికి కారణముంది. అంతకుముందొకసారి పాడి ఎనుములు నీళ్లకు అరుస్తున్నాయని చిన్నమ్మ ఎర్రలైటు ఉండగానే పచ్చ బటన్ నొక్కింది. అప్పుడేమీ కాలేదు గానీ తిట్లు మాత్రం తిన్నది.

మరుసటి రోజు మధ్యాహ్నం గాలి లేచింది. వాన గాలి కాదు, దుమ్ము గాలి. తీగలు ఒకదానికొకటి తగులుతుంటే కరెంటు వస్తూ పోతూ ఉండింది. సాయంత్రం చిన్నాయన బస్సు దిగి నేరుగా తోటకు పోయేసరికి పెట్టెలో లైట్లేమీ లేవు. ఫ్యూజులు మార్చి చూశాడు. మోటరు కాలిపోయింది.

ఆ రెండు రోజులూ తోటలో ఉన్నది చిన్నమ్మ ఒక్కతే. ఆయన అడిగాడు. తాను ముట్టలేదని చెప్పింది. ఆయన నాకు ఫోను చేశాడు. నేనప్పుడు ఏదో మీటింగులో ఉన్నాను, ఒక చెవిలో అది, ఒక చెవిలో ఇది.

"పాపా, ఒక మాట చెప్పు. ఎర్రలైటు వెలుగుతాంటే ఎవరూ నొక్కకుండా మోటరు లేస్తాదా?"

"లేయదు చిన్నాయనా."

ఆ ఒక్క మాటే చెప్పాను. ఎందుకు అడుగుతున్నావని కూడా అడగలేదు. ఇప్పటికీ నిద్ర లేవగానే ముందు గుర్తొచ్చేది ఆ ఫోను. ఒక్క క్షణం ఆగి, చూసి చెప్తాను అని ఉంటే ఎంత బాగుండేది. అంత పొగరు నాకు.

కాలిన మోటరును పైకి తీసేటప్పుడు పైపు విరిగింది. మోటరు, కింది పైపులు బోరులోనే ఇరుక్కుపోయాయి. మూడు రోజులు కొక్కేలు వేసి లాగారు, కదల్లేదు. బోరు చచ్చింది. తోటలో ఇంకో రెండు చోట్ల వేయించాడు. రెండింటిలోనూ తెల్లటి రాతి దుమ్ము తప్ప తడి తగల్లేదు. కొన్నాళ్లు ట్యాంకర్లు తోలించాడు. నాలుగెకరాల చెట్లకు ట్యాంకరు నీళ్లు ఏ మూలకు. కాయలు నిమ్మకాయలంత అయి రాలాయి, ఆకులు ముడుచుకున్నాయి.

చెట్లు ఒకవైపు ఎండుతుంటే ఇంట్లో ఆయన చిన్నమ్మతో మాట్లాడటం మానేశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన కేకలేసింది చూశాను గానీ మౌనంగా ఉన్నది నేనెప్పుడూ చూడలేదు. తోటలో గుడిసెలోనే ఉండేవాడు, తన అక్క కూతురు ఇంటి నుంచి క్యారియరు తెప్పించుకుని తినేవాడు. ఊళ్లో కూడా ఆ మాటే. తోటను నొక్కి కాల్చిన మనిషి అని చిన్నమ్మను చూపించేవాళ్లు. పాల డెయిరీ దగ్గర ఆమె వస్తే ఆడవాళ్లు మాట మార్చేవాళ్లట.

నేనూ తక్కువ తినలేదు. ఆ వారంలోనే పోయి, చిన్నమ్మా, నేను అంత చెప్పినాను కదా, ఎందుకు ముట్టినావు అని అడిగాను. ఆమె నా మొహం చూసి, "నేను ముట్టలేదు పాపా" అంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది అన్నాను. చిన్నపిల్ల అబద్ధమాడితే క్షమించే పెద్ద మనిషిలాగా. ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది ఇప్పుడు.

ఇది జరిగిన మూడు వారాలకు మడకశిర వైపు నుంచి ఒక రైతు మా కంపెనీకి ఫోను చేశాడు. ఆయన మోటరు కూడా కాలింది. మేనేజరు నన్ను మాట్లాడమన్నాడు. సగం కన్నడ, సగం తెలుగులో ఆయన నన్ను ఉతికి ఆరేశాడు. నేను ఓపిగ్గా, ఎర్రలైటు ఉన్నప్పుడు ఎవరో బటన్ నొక్కి ఉంటారు సార్ అన్నాను. ఆయన ఒక్కసారి ఆగి, తన పెట్టెకు బీగం ఉందని, బీగంచెవి తన మొలతాడుకే ఉందని, ఆ రోజంతా తను దాని ముందరే గొర్రెలు కాచుకుంటూ కూర్చున్నానని చెప్పాడు. తన కళ్ల ముందే, తాకకుండానే లేచిందట. కరెంటు వచ్చినప్పుడల్లా లేచిందట.

ఫోను పెట్టేసి బల్ల మీది పెట్టెకు ఎర్రలైటు తెప్పించి, ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టాను. లైటు పచ్చగా వెలిగింది. మోటరును లేపే రిలే టక్కుమంది.

ఏ వేరియబుల్‌ను ఎక్కడ పెట్టిందో కంపైలర్ ఒక జాబితా రాసి ఇస్తుంది. దాంట్లో వెతికాను. ఎండిందన్న గుర్తును దాచే వేరియబుల్ బీఎస్ఎస్‌లో ఉంది. ఆ శనివారానికి ముందు తయారైన పాత జాబితా తీశాను. డేటాలో ఉంది.

జరిగిందేమిటంటే, బ్యాటరీతో బతికే ఒక చిన్న గడిలో పెట్టె ఆ గుర్తును ఉంచుతుంది. చదివితే చెరిగిపోయే గడి అది, ఒక్కసారే చదవగలం. అందుకని కెర్నెల్ లేస్తూనే మొట్టమొదట దాన్ని చదివి, ఒక వేరియబుల్‌లో దాచుకుంటుంది. ఆ తర్వాత బీఎస్ఎస్ తుడుపు మొదలవుతుంది. వేరియబుల్ డేటాలో ఉన్నన్నాళ్లు ఆ తుడుపు దాని జోలికి రాలేదు. నేను సున్నా చెరిపాక అది బీఎస్ఎస్‌లోకి పోయింది. కెర్నెల్ ఒక చేత్తో గుర్తు రాసుకుని, రెప్పపాటులో ఇంకో చేత్తో తుడిచేసుకుంటోంది. నీళ్లున్నాయనుకుని మోటరును లేపుతోంది. రెండు నిమిషాలకు నీళ్లు లేవని తెలుసుకుని ఆపుతోంది. మళ్లీ కరెంటు పోయి వస్తే మళ్లీ అదే.

ఆ కోడు మొదట రాసిన పెద్దాయన రిటైరై ఇంట్లో ఉంటున్నాడు. నంబరు సంపాదించి ఫోను చేశాను. ఆయనకు వెంటనే గుర్తొచ్చింది.

"ఆ సున్నా నేను కావాలనే పెట్టినానమ్మా. డేటాలో ఉండాల అని."

"పక్కన ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే ఏమైపోతుండె సార్?"

"మాకందరికీ తెలిసిందే గదా. దాన్ని చెరిపేవాళ్లు వస్తారని యాడ అనుకుంటాం."

నాకు ఒళ్లు మండింది. ఆయన్ని నాలుగు మాటలు అనాలని నోటిదాకా వచ్చింది. కానీ సున్నా పెట్టింది ఆయన, కారణం అడగకుండా పీకింది నేను. ఆరోగ్యం ఎలా ఉంది సార్ అని అడిగి పెట్టేశాను.

దిద్దడానికి ఒక్క లైను పట్టింది. ఈ వేరియబుల్ డేటాలోనే ఉండాలి అని కంపైలర్‌కు ఆజ్ఞ, దాని మీద ఎందుకో చెప్తూ నాలుగు లైన్ల వ్యాఖ్య. కలుపుకున్న కాఫీ ఆరేలోగా అయిపోయింది. తోట పోయేంత తప్పు అంత చిన్న పనితో పోతుంటే నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. మేనేజరు త్వరగా కనిపెట్టావని మళ్లీ మెచ్చుకున్నాడు. పెట్టెలన్నీ ఊరూరా ఉన్నాయి, కేబులు తీసుకుని మనిషి పోతే తప్ప మార్చలేం, మెల్లగా మార్పిద్దాం అన్నాడు. తప్పు పెట్టెదే, మనిషి నొక్కలేదు అని ఒక కాగితం రాసివ్వమన్నాను, మా ఇంటికి ఒక్కదానికే అన్నాను. కాగితం మీద పెట్టడానికి వీల్లేదన్నాడు. మాటగా చెప్పుకుంటే తను ఆపలేనని, కంపెనీ మాత్రం ఏమీ చెప్పనట్టేనని అన్నాడు.

సరే, కాగితం లేకపోతే నా నోరుంది కదా అనుకున్నాను. మరుసటి రోజు పొద్దున లాప్‌టాప్, బల్ల మీది పెట్టె, ఒక బల్బు సంచిలో వేసుకుని తోటకు పోయాను. చిన్నాయన గుడిసె ముందు మంచం మీద ఉన్నాడు. నేను దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను గానీ ఆయన ఎదురుగా కూర్చోగానే ఒక్కటే వచ్చింది. చిన్నమ్మ నొక్కలేదు, తప్పు నాది అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెప్పు అన్నట్టు చూశాడు. ఆయన పెట్టెకు లాప్‌టాప్ తగిలించి, మొదటి రోజే చదవాల్సిన చిట్టా అప్పుడు చదివి చూపించాను. మోటరు లేచిన ప్రతిసారీ ఎందుకు లేచిందో పెట్టె రాసుకుంటుంది, కరెంటు వచ్చినందుకా, బటన్ నొక్కినందుకా అని. ఆ మధ్యాహ్నం పదకొండుసార్లు లేచింది. పదకొండూ కరెంటు వల్లనే. బటన్ ఒక్కటీ లేదు.

"ఈ చిట్టా రాసిందెవరు?" అన్నాడు.

"పెట్టె రాసింది."

"పెట్టెకు రాసేది నేర్పిందెవరు?"

"నేనే."

"మరింకేమి," అని వేరే వైపు చూశాడు.

అప్పుడు సంచిలోని పెట్టె బయటికి తీశాను. మోటరు బదులు బల్బు తగిలించాను, తప్పున్న ప్రోగ్రామునే అందులో ఉంచాను. ఎర్రలైటు తెప్పించి, ప్లగ్గు పీకి పెట్టాను. బల్బు వెలిగింది. చూడు చిన్నాయనా, నేను ముట్టలేదు, అదే వెలిగింది అన్నాను. మూడుసార్లు చేసి చూపించాను. చేస్తుంటే నాకే గారడీవాళ్లు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన కళ్లలో జాలి కనబడింది.

"నీ చేతిలో బొమ్మ అది. నువ్వు లేయమంటే లేస్తాది, వద్దంటే పండుకుంటాది. నాకు తెల్దా పాపా, మీ చిన్నమ్మ మింద మాట పడకూడదని నీ మింద వేసుకుంటాండావు. మంచిదానివి నువ్వు."

కాదు చిన్నాయనా అన్నాను. ఏడుస్తూ అన్నాను. నేను ఎంత ఏడిస్తే ఆయన అంతగా నమ్మాడు, నేను అబద్ధమాడుతున్నానని. కోడు తెరిచి నేను చెరిపింది ఇదే అని సున్నాను వేలితో చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని మర్యాద కోసం చూశాడు. ఇంత చిన్న సున్నా తీస్తే అంత పెద్ద మోటరు కాలుతుందా అని అడిగాడు. కాలుతుందన్నాను. ఇన్నేళ్లు ఈ పని చేస్తున్నాను, ఎందరికో అర్థమయ్యేలా చెప్పాను, ఆ రోజు నా దగ్గరున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. చివరికి ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, ఇంక ఇది వదిలెయ్యి అన్నాడు.

"ఆమెనే ఒప్పుకునింది. మొన్న వచ్చి నా ముందర నిలబడి చెప్పింది, నేనే నొక్కినా అని. ముందే చెప్పింటే నేనేమన్నా చంపుతానా? అబద్ధానికి కోపమొచ్చింది గానీ మోటరుకు కాదు. నిన్న ఇంటికి పోయి అన్నం తిన్యా."

సామాన్లు అక్కడే వదిలేసి చిన్నమ్మ కోసం తోటలోకి పోయాను.

ఆమె పడమటి వైపు వరసలో ఉంది. ఎండిపోయిన కొమ్మలను కొడవలితో కొట్టి వంటచెరుక్కు మోపు కడుతోంది. తొమ్మిదేళ్ల చెట్లు. నీళ్లు మోసి, పెంట వేసి పెంచిన చెయ్యే వాటిని నరుకుతోంది. నన్ను చూసి కొడవలి కింద పెట్టి, కూర్చోమని కట్టెల మీద కొంగుతో దులిపింది.

నేను కూర్చోలేదు. గబగబా అంతా చెప్పేశాను. నువ్వు నొక్కలేదు చిన్నమ్మా, పెట్టెదే తప్పు, దాన్ని చెడగొట్టింది నేను, చిన్నాయన మాట్లాడక పోయేది ఓర్చుకోలేక ఒప్పుకున్నావు కదా, పద, ఇద్దరం కలిసి చెబుదాం అన్నాను. ఆమె మొహంలో ఊరట కోసం చూశాను. నన్ను చెంప మీద కొట్టినా సరిపోయేది.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదు పాపా. నేనే నొక్కినా."

"అప్పుడు ముట్టలేదన్నావు గదా."

"అప్పుడు భయముండె. భయంలో తెలీలేదు. ఇప్పుడు బాగా గ్యాపకమొస్తాండాది. ఎనుములు తొట్టి దగ్గర అరుస్తాండాయి. నేను తొట్టి కడిగి వచ్చినా. చెయ్యి తడిగా ఉండె, కరెంటు కొడుతుందేమో అని కొంగుతో తుడుచుకున్యా. తుడుచుకొని, బొటనవేలుతో పచ్చది నొక్కినా. గాలికి పెట్టె మూత టపటపా కొట్టుకుంటాండె, దాన్ని ఈ చేత్తో పట్టుకోని, ఈ చేత్తో నొక్కినా."

రెండు చేతులూ పైకెత్తి చూపించింది. ఒక చేత్తో మూత పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలు గాల్లో నొక్కింది.

ఆమె కళ్లలోకి చూశాను. అబద్ధం చెబితే చిన్నమ్మ కళ్లు పక్కకు పోతాయి, చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. పక్కకు పోలేదు. ఒకరి మాట కాదు, మొగుడి మాట, ఊరి మాట, నా మాట, నెలరోజులు అందరం కలిసి ఆమెలో అది రాశాం. అది ఇప్పుడు ఆమెకు జరిగిన సంగతే. ఎనుముల అరుపుతో సహా, మూత చప్పుడుతో సహా జరిగింది. నా దగ్గర దాన్ని దిద్దే లైను లేదు.

ఎవరూ నొక్కలేదు చిన్నమ్మా, పదకొండుసార్లూ కరెంటుకే లేచింది అని మళ్లీ అన్నాను.

"నువ్వు ఈడ లేవు గదా పాపా," అంది మెల్లగా. తర్వాత దగ్గరికి వచ్చి, చెమట పట్టిన నా మొహం తన కొంగుతో తుడిచింది. ఏదో చాలా రోజులుగా అడగాలనుకుంటున్నదాన్ని అడిగినట్టు, గొంతు తగ్గించి అడిగింది.

"నీ పెట్టె మంచిదే. నేను చెడిపినా. నా వల్ల నీకు ఆఫీసులో మాటేమీ రాలేదు గదా?"

రాలేదు అన్నాను.